‘లాస్’ అని రాసిన పట్టీ

ఖాజా హుస్సేన్ గోడ వారన వెల్లకిలా పడి ఉన్నాడు. కళ్లు తెరవడం లేదు. కుడి చెయ్యి వీపు కింద మడతపడి ఉంది.

టైం ఉదయం పది ఇరవై. తేదీ 1990 ఆగస్టు 29. స్థలం అల్ రాయ్, గోడౌన్ల మధ్య సందు. ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగి అది ఇరవై ఎనిమిదో రోజు.

మూడు గజాల అవతల ఒక పాత ఓపెన్ కారు ఎడమవైపు కుంగి, ముక్కు గోడకు ఆనించి నిలబడి ఉంది. ఇంజను ఇంకా కొట్టుకుంటోంది.

ముందుగా చేరింది పెంచల్. వయసు నలభై ఒకటి. ఆ సందు చివరి షెడ్డుకు వాచ్‌మన్. అంతకుముందు రాజంపేటలో పదకొండేళ్లు కానిస్టేబుల్. వంగి, ఖాజా హుస్సేన్ మెడ మీద రెండు వేళ్లు ఆనించాడు.

"నాడి ఆడతాండాది. ఎవరూ కదపగాకండి."

"బతికుండాడా లేదా, ఆ ఒక్క ముక్క చెప్పు పోలీసన్నా," అంది షహర్‌బాను. ఖాజా హుస్సేన్ భార్య ఆమె. రుమైథియాలో ఒక ఇంట్లో వంట చేసేది. ఆ ఇంటివాళ్లు సౌదీకి పోయాక మొగుడి దగ్గరికి షెడ్డుకే వచ్చేసింది.

"ఉండాడు."

"అయితే ఫస్టు ఆ ఇంజను ఆపు. పెట్రోలు మల్లా యాడ దొరుకుతాది."

ఆ మాట గట్టిగానే అంది. అంటూనే మొగుడి ముఖం మీది దుమ్ము కొంగుతో తుడిచింది.

పక్క బిల్డింగులోని మలయాళీ నర్సు వచ్చి కట్టు కట్టింది. భుజం ఎముక విరిగింది. తలకు దెబ్బ బలంగా తగల్లేదు. కాసేపటికి తెలివొస్తుందని చెప్పి వెళ్లింది.

పెంచల్ కారు దగ్గరికి నడిచాడు. ఎడమ వెనక చక్రం పైన స్ప్రింగు కట్ట విరిగి ఉంది.

విరిగింది స్ప్రింగు కాదు, వాళ్ల దారి.

ఆ కారు 1926 నాటిది. వాళ్ల కఫీల్‌కు, అంటే వీసా ఇచ్చి తెచ్చుకున్న యజమానికి, పాత మోటారు కార్లంటే పిచ్చి. ఎక్కడెక్కడివో కొనుక్కొచ్చి ఈ షెడ్డులో బాగుచేయించేవాడు. ఆ వేసవికి లండన్ పోయాడు, అక్కడే ఉండిపోయాడు. సైనికులు వచ్చి షెడ్డులోని కొత్త కార్లన్నీ తోలుకుపోయారు. సామానంతా తిరగబోశారు. ఈ ముసలి కారును చూసి మాత్రం నవ్వి వదిలేశారు. అప్పటికి దానికి వెనక స్ప్రింగులు లేవు. చెక్కదిమ్మెల మీద కూర్చుని ఉంది.

షెడ్డులో మిగిలిన ఆరుగురూ దాన్ని లేపి బస్రా దాకా పోవాలి. అక్కణ్ణుంచి బస్సుల్లో బాగ్దాద్, ఆ పైన జోర్డాన్. జోర్డాన్ చేరితే విమానం ఉంటుందని అందరూ అంటున్నారు. ఇక్కణ్ణుంచి బయల్దేరే బస్సుల్లో కాలు పెట్టే చోటు లేదు. షెడ్డులోనే తలదాచుకున్న వెంకటేశ్వరి ఐదు నెలల పాపను ఎత్తుకుని మూడుసార్లు పోయి మూడుసార్లూ తిరిగొచ్చింది. ఆమె మిష్రిఫ్‌లో ఒక ఇంట్లో పనిచేసేది. భయానికి పాలు ఎండిపోయాయి. పాప డబ్బా పాల మీద ఉంది. ఊళ్లో పాల డబ్బాలు కనపడి వారమైంది.

రేపు తెల్లవారి బయల్దేరాలి. ఈ రోజు ట్రయల్. నడిపింది ఖాజా హుస్సేన్. ముప్పై మైళ్ల స్పీడు దాటకముందే పటేల్‌మంది.

"ఇది తనకు తాను విరగల్యా," అన్నాడు పెంచల్.

ఆ మాట అతను పోలీసు గొంతుతో అన్నాడు. ఆ గొంతు వాడి చాలా కాలమైంది. వాడుకుంటే బాగానే ఉంది.

*

పదకొండు అయిదు. పెంచల్ ఎవిడెన్సు చూశాడు.

స్ప్రింగు అంటే ఇనప పట్టీల కట్ట. ఒకదాని మీద ఒకటి ఏడు పట్టీలు. అన్నింటికన్నా పైన పెద్ద పట్టీ. దాని రెండు కొసలూ కన్నులాగా చుట్టి ఉంటాయి. ఆ కన్నుల్లోంచే బోల్టు దూరుతుంది. పెద్ద పట్టీ, ముందువైపు కన్ను పక్కనే, విరిగింది. పొడుగు ముక్క జారి కింద పడింది.

గుడ్డతో గ్రీజు తుడిచాడు. విరిగిన అంచు దగ్గర పసుప్పచ్చ పెయింటు. తెలుగు అక్షరాలు.

లాస్.

పెంచల్ ఆ రెండక్షరాలను చాలాసేపు చూశాడు. లాస్. నష్టం. అంటే పనికిరాని సరుకు. తయారీలో చెడిపోయిన పీసు. చెడిపోయిందని రాసి మరీ పెట్టారు.

ఈ షెడ్డులో తెలుగులో రాసేవాడు ఒక్కడే. హారూన్. రాయచోటి మనిషి. స్ప్రింగులు వంచిందీ, కాల్చిందీ, మిషన్ మీద టెస్టు చేసిందీ అతనే. మిషన్ అంటే మోటారుకు తగిలించిన వంకర చక్రం. అది తిరిగిన ప్రతిసారీ స్ప్రింగును అణిచి వదులుతుంది. పక్కన మీటరు లెక్కబెడుతుంది. లక్ష అణుపులు. రాత్రింబవళ్లు దడదడలాడేది. పెంచల్‌కు దాని చప్పుడు తప్ప ఇంకేమీ తెలియదు.

ట్రయల్ టైములో హారూన్ లేడు.

పెంచల్ ఆ ముక్కను గోనెపట్టాలో చుట్టాడు. ఎవరికీ చూపించలేదు. ఎవిడెన్సు సస్పెక్టుకు చూపించకూడదు. పదకొండేళ్లలో నేర్చుకున్న మొదటి పాఠం అది.

ముందు మునీంద్రను పిలిచాడు. వెంకటేశ్వరి మొగుడు. మిష్రిఫ్‌లో తోటపని చేసేవాడు, షెడ్డుకు వచ్చి రెండు నెలలు కూడా కాలేదు.

"స్ప్రింగులు బిగించింది ఎవురు?"

"నేనే అన్నా."

"ఎప్పుడు?"

"పొద్దున ఆరుకు మొదలుపెట్టినా. తొమ్మిదిన్నరకు అయిపాయ."

"హారూన్ పక్కన లేడా?"

"లేడు. ఐదున్నరకే రొట్టెల క్యూకు పాయ. మిగతాదంతా నిన్ననే బిగించినాడు. స్ప్రింగులొకటీ నన్ను చూసుకోమన్యాడు."

"షెడ్డులో ఎన్ని స్ప్రింగులున్యాయి?"

"నాలుగు. సైన్యమోళ్లు పారేసినప్పటి నుంచి కుప్పగా పడుండె. అన్నీ ఒకే మాదిరి."

"నువ్వు ఏవి బిగించినావు?"

"ఖలాస్‌వే అన్నా. నువ్వు చెప్పినవే."

"సరే. పో."

పెంచల్ నోటుబుక్కులో రాసుకున్నాడు. మునీంద్ర క్లీన్.

*

హారూన్ పదకొండున్నరకు వచ్చాడు. భుజం మీద గుడ్డలో రొట్టెలు. చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయింది.

కుంగిన కారును చూసి అక్కడే నిలబడ్డాడు.

"ఏమైంది? ఎవరికేమైంది?"

"నీకు తెల్దా?" అంది షహర్‌బాను. "నీ స్ప్రింగు మా ఆయన్ని గోడకేసి కొట్టింది. మొన్న నువ్వేగా అన్యావు, ఇరాకు దారి వద్దు, సౌదీకి పోదామని? మాట నెగ్గల్యాదని ఈ పని చేసినావా?"

"బానక్కా, ఏం మాటలివి?"

పెంచల్ అతని రెక్క పట్టుకున్నాడు. స్టోరు గదిలోకి నడిపించి తలుపు వేశాడు. గదిలో ఒక స్టూలు ఉంది. దాని మీద తను కూర్చున్నాడు. హారూన్‌ను నిలబెట్టాడు.

"పొద్దున యాడికి పోయినావు?"

"రొట్టెలకు."

"ఆరు గంటలసేపా?"

"క్యూ అట్లుండాది. సైనికులొచ్చి రెండుసార్లు చెదరగొట్టినారు. పోలీసన్నా, విరిగింది యా పట్టీ?"

"ప్రశ్నలు నేనడుగుతా. స్ప్రింగుల మీద పసుప్పచ్చ పెయింటుతో రాసింది ఎవురు?"

"నేనే."

"ఎప్పుడు?"

"జూలైలో. టెస్టు అయినంక."

"ఎన్నింటి మీద?"

"రెండింటి మీద."

"ఎందుకు రాసినావు?"

"బండికి పెట్టగూడదని."

పెంచల్ లేచాడు. కేసు అయిపోయింది. ఇంత తొందరగా ఏ కేసూ అయిపోలేదు.

"పెట్టగూడదని నీకు తెలుసు. తెలిసీ ఆ కుప్పలోనే వదిలేసి క్యూలోకి పోయి నిలబడినావు."

"రాసినాను గదన్నా. రాసినంక ఎవరు పెడతారు? ఒకసారి ఆ ముక్క చూపించు. చూస్తే చెప్తా."

"నాకు చెప్పేదేం అక్కర్లేదు."

"చూపించన్నా. నా చేత్తో చేసింది. చూస్తే తెలిసిపోతాది."

"చూపిస్తే కథ అల్లుకుంటావు."

"అల్లా మీద ఒట్టు. చూపించు."

పెంచల్ కొట్టాడు. ఒక్కటే దెబ్బ, అరచేత్తో. పదకొండేళ్ల అలవాటు చేతిలోనే ఉంది. మనసు అడ్డం పడేలోపే చెయ్యి పోయింది. హారూన్ పెదవి పంటికి తగిలి తెగింది. అతను చేత్తో తుడుచుకుని ఆ చేతిని చూసుకున్నాడు. ఆ తర్వాత ఏమీ అడగలేదు.

పన్నెండు పదికి పెంచల్ బయటికి వచ్చి గడియ పెట్టాడు.

"వాడే," అన్నాడు. "చెడిపోయిన సరుకని తెలిసీ చెప్పల్యా. ఒప్పుకున్యాడు."

"అయితే రేపు బండిలో వానికి చోటు లేదు," అంది షహర్‌బాను.

మునీంద్ర నేల చూశాడు. "వొదిలేసి పోతే వాడు ఒక్కడే ఏమవుతాడక్కా? సైనికులు ఇండ్లు ఇండ్లు వెతుకుతాండారు."

"మల్లా బండెక్కి ఇంకోటి విరగ్గొడితే నీ బిడ్డ ఏమవుతాది? అది చెప్పు." షహర్‌బాను పెంచల్ వైపు తిరిగింది. "నువ్వు చెప్పు పోలీసన్నా. నీ మాటే మాట. ఎక్కించుకుందామా, వద్దా?"

అందరూ అతన్నే చూస్తున్నారు. ఒక మనిషి ఉండడం, పోవడం తన నోట్లో ఉంది.

"సాయంత్రం నాలుగున్నరకు చెప్తా," అన్నాడు. అప్పటికే చెప్పేసినట్టు ఉంది అతని ముఖం.

తర్వాత రొట్టెలు పంచుకున్నారు. గుడ్డలో పన్నెండు ఉన్నాయి. మనిషికి రెండు. ఆరుగురికి సరిపోయేలా తెచ్చాడు. పెంచల్ తన రెండూ తిన్నాడు. అవి ఎవరు తెచ్చినవో అందరికీ తెలుసు. ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

*

మూడు ముప్పై అయిదు.

పాప గంట నుంచి ఏడుస్తోంది. గట్టి ఏడుపు అయిపోయి సన్నగా కీచుమంటోంది. వెంకటేశ్వరి పాల డబ్బా తెచ్చి పెంచల్ ముందు బోర్లించి తట్టింది. అడుగున అంటుకున్న పొడి కూడా రాలలేదు.

"ఖలాస్ అన్నా."

"ఏంది?"

"పాలు ఖలాస్. మాపటికి లేవు. ఆ స్ప్రింగులు ఏదో ఒకటి చేయించి మమ్మల్ని పంపించు. పాపను చూడు, ఏడ్చే దానికి గూడా శక్తి లేదు."

పెంచల్ పాపను చూడలేదు. డబ్బానే చూస్తున్నాడు.

"ఇంకోసారి అను."

"ఏందన్నా?"

"ఆ మాట."

"ఖలాస్."

ఖలాస్. మిష్రిఫ్‌లో వంటింట్లో మామా, అంటే ఇంటి యజమానురాలు, అదే మాట అంటుంది, డబ్బా ఖాళీ అయితే. అయిపోయింది, ఇంకేమీ లేదు. షెడ్డులో ఫోర్‌మన్ అదే మాట అంటాడు, పని పూర్తయితే. సిద్ధంగా ఉంది, తీసుకుపో. పెంచల్ ఆరేళ్లుగా ఈ రెండోదే వింటున్నాడు. రెండోదే అంటున్నాడు.

ఖ. లాస్.

అతను లేచి పరిగెత్తాడు. కారు కిందికి వెల్లకిలా దూరాడు. ముందు కన్ను బోల్టు ఇంకా ఛాసిస్‌కే వేలాడుతోంది. దానికి బెత్తెడు ఇనప ముక్క. పైకి తిరిగి ఉంది కాబట్టి పొద్దున కనపడలేదు. చూడాలనుకుంటే కనపడేది.

బొటనవేలితో గ్రీజు తుడిచాడు. పసుప్పచ్చ పెయింటు. ఒక్క అక్షరం.

ఖ.

కారు కిందే పడుకుని ఉండిపోయాడు. ఇంజను ఆయిలు చుక్క ఒకటి చెంప మీద పడింది. తుడుచుకోలేదు.

పొద్దున అయిదూ నలభై గుర్తొచ్చింది. తను గేటు దగ్గర బీడీ వెలిగిస్తున్నాడు. మునీంద్ర వచ్చి అడిగాడు. అన్నా, నాలుగుండాయి, యేవి బిగించేది? తను ముఖం కూడా తిప్పకుండా అన్నాడు. పని ఖలాస్ అయినవి చూసి బిగించుకోపోరా.

మునీంద్ర పోయి చూశాడు. రెండింటి మీద ‘ఖలాస్’ అని రాసి ఉంది. అవే బిగించాడు.

దాన్ని దాచలేదు కూడా. మొదటి ప్రశ్నకే చెప్పాడు. ఖలాస్‌వే అన్నా, నువ్వు చెప్పినవే.

పెంచల్ బోల్టు ఊడదీసి ఆ ముక్కను జేబులో వేసుకున్నాడు. బయటికొచ్చి నిలబడ్డాడు. ఎవరూ చూడలేదు. ఈ ముక్క ఇసుకలో పారేస్తే హారూన్ దొంగగానే ఉంటాడు. మునీంద్ర తప్పు చేశాడంటే మునీంద్ర తలొంచుకుంటాడు. రెండు దారులూ తేలికే.

టైం చూసుకున్నాడు. మూడు యాభై రెండు. మళ్లీ చూసుకుంటే మూడు యాభై నాలుగు. ఆ రెండు నిమిషాలూ అతను నిజంగానే ఆలోచించాడు. తర్వాతెప్పుడూ ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేకపోయాడు.

*

నాలుగున్నర. షెడ్డులో అందరూ చేరారు. ఖాజా హుస్సేన్ చాప మీద ఒరిగి ఉన్నాడు, కట్టుతో. పెంచల్ గడియ తీసి హారూన్‌ను బయటికి తెచ్చాడు. అతని పెదవి వాచి ఒక పక్కకు పోయింది. వెంకటేశ్వరి చూసి తల తిప్పుకుంది.

పెంచల్ గోనెపట్టా విప్పాడు. పొడుగు ముక్క నేల మీద పెట్టాడు. జేబులోంచి చిన్న ముక్క తీసి దాని పక్కన జరిపాడు. రెండు అంచులూ అతుక్కున్నాయి.

"చదువు మునీంద్రా."

"ఖలాస్."

"నువ్వు బిగించింది ఇదేనా?"

"ఇదే అన్నా. ఖలాస్ అయినవి అన్యావు గదా. రాసుండాది గదా."

హారూన్ మోకాళ్ల మీద కూర్చున్నాడు. విరిగిన అంచు మీద వేలు పెట్టాడు. ఒక్క క్షణం. అంతే పట్టింది.

"ఇది మిషనెక్కింది," అన్నాడు.

"టెస్టులో నెగ్గింది గదరా అది," అన్నాడు ఖాజా హుస్సేన్. "లక్ష అణుపులు అణిచినా విరగల్యా. దానికంటే గట్టిది ఇంకేముంటాది?"

"నెగ్గింది భాయ్. నెగ్గడంతోనే దాని ఆయుస్సు అయిపాయ. లక్షసార్లు వంగి లేచినంక లోపల సన్నగా నెర్ర పడుంటాది, కంటికి కనపడదు. ఇదో చూడు, ఈ అంచున నల్లగా ఉండేది పాత నెర్ర. తెల్లగా ఉండేది పొద్దున విరిగింది. ఇది మిషన్ మీద చచ్చిపోతే, దీంతో పాటు చేసిన జత బండెక్కాల. కఫీల్ రూలు అది. అందుకే రాసినా. మునీంద్రకు అరబ్బీ రాదని తెలుగులో రాసినా."



"పొద్దున పని ఖలాస్ అయినవి బిగించమని మునీంద్రకు చెప్పింది నేను," అన్నాడు పెంచల్. "వాడు నా మాటే విన్యాడు. హారూన్ మూడుసార్లు అడిగినాడు, ముక్క చూపించమని. నేను చూపించల్యా. ఏం రాసినావురా అని ఒక్క మాట అడగల్యా. సగం అక్షరాలు చదివి మనిషిని దొంగను చేసినా. కొట్టినా."

"రాజంపేటలో గూడా దొంగల్ని ఇట్లనే పట్టేవాడివా?" అంది షహర్‌బాను. తర్వాత ఆమె గొంతు దిగిపోయింది. "నేను మాత్రం తక్కువన్నానా. వాని రొట్టె తింటా వాన్ని తిట్టినా."

రాజంపేటలో ఎంతమంది చూపించమని అడిగారో, తను ఎంతమందికి చూపించలేదో పెంచల్ దగ్గర లెక్క లేదు. ఆ ముఖాలు ఇప్పుడు ఒక్కొక్కటే వస్తున్నాయి. కొందరి పేర్లు కూడా గుర్తుకు రావడం లేదు.

"హారూన్, రేపు నేను రాను," అన్నాడు. "ఖాజా భాయ్ పడుకునేదానికి చోటు కావాల. నా చోటు తీసుకోండి. నేను బస్సులేమన్నా దొరికితే వస్తా."

హారూన్ కుప్పలోంచి రాత లేని స్ప్రింగు ఒకటి లాగి, వంగి, గుడ్డతో తుడుస్తున్నాడు. తలెత్తలేదు.

"నువ్వు దిగిపోతే నీ సిగ్గు తగ్గుతాది. బండికేం తగ్గుతాది?"

"నాకు..."

"కొత్త స్ప్రింగులు. పది మైళ్లకొకసారి ఎవురో ఒకరు దిగి, కిందికి దూరి, స్ప్రింగును పట్టుకునుండే యూ బోల్టులు చూడాల. నేను నడపాల. మునీంద్ర ఖాజా భాయ్‌ని పట్టుకోవాల. ఆడోళ్లు దూరతారా కిందికి?" స్ప్రింగు కొస పెంచల్ వైపు తోశాడు. "ఆ పక్క పట్టుకో. బరువు."

పెంచల్ పట్టుకున్నాడు.

రెండు స్ప్రింగులూ బిగించేసరికి ఆరు దాటింది. ఆ గంటన్నరలో హారూన్ అతనితో అన్నవి నాలుగే మాటలు. పానా ఇయ్యి. గట్టిగా. ఇంకా. చాలు.

*

ఆగస్టు 30. ఉదయం అయిదున్నరకు బండి కదిలింది.

వెనక సీట్లో ఖాజా హుస్సేన్ తల షహర్‌బాను ఒడిలో. మునీంద్ర అతని నడుము పట్టుకుని కింద కూర్చున్నాడు. ముందు సీట్లో వెంకటేశ్వరి, పాప. నర్సు ఎక్కడో అడిగి సగం డబ్బా పాలు తెచ్చి ఇచ్చింది. పెంచల్ బయట ఫుట్‌బోర్డు మీద నిలబడ్డాడు. పది మైళ్లకొకసారి దిగాడు. వెల్లకిలా పడుకుని, తారు వేడికి వీపు కాలుతుండగా, ఒక్కో బోల్టూ చేత్తో తడిమి చూశాడు.

"ఎట్లుండాది?" అని హారూన్ పైనుంచి అడిగేవాడు.

"బాగుండాది."

అంతే మాట. మళ్లీ పది మైళ్లు.

తొమ్మిదీ ఇరవైకి సఫ్వాన్ చెక్‌పోస్టు. సైనికుడు ఒకడు వచ్చి కారు చుట్టూ తిరిగాడు. మిగతా వాళ్లను పిలిచి చూపించాడు. నవ్వుకున్నారు. కాగితాలు తిరగేశాడు. పాపను చూశాడు. చివరికి హారూన్ దగ్గర ఆగాడు.

"మొహానికేమైంది? ఎవరు కొట్టారు?" అరబ్బీలో అడిగాడు.

పెంచల్ ఫుట్‌బోర్డు మీద నుంచి హారూన్ పెదవినే చూశాడు.

హారూన్ స్టీరింగు మీద నుంచి చేతులు తీయలేదు. పక్కకు కూడా చూడలేదు.

"స్ప్రింగు ఎగిరి తగిలింది," అన్నాడు.

సైనికుడు కాగితాలు తిరిగిచ్చి, పొమ్మన్నట్టు చెయ్యి ఊపాడు.

చెక్‌పోస్టు దాటాక పెంచల్ బండి ఆపించి ఫుట్‌బోర్డు దిగాడు. పది మైళ్లు ఇంకా కాలేదు. అయినా కారు కిందికి దూరాడు. అక్కడ చూడాల్సిందేమీ లేదు. కాసేపు అక్కడే ఉన్నాడు.

పైనుంచి హారూన్ అడగలేదు. ఇంజను ఆపకుండా, అతను బయటికి వచ్చేదాకా కాచుకున్నాడు.